పీఎల్‌జీఏ నానోఫైబర్ షీట్ ఇంక్యుబేటర్‌లో పెట్టగానే ముడుచుకుపోతోంది, ఎవరికైనా ఇలా అయిందా?

వాసు_నూలుపోగు (ప్రశ్న):

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, రెండో ఏడాది. మా పని కాలిన చర్మం మీద వేసే స్కాఫోల్డ్ తయారుచెయ్యడం, అంటే కణాలు పట్టుకుని పెరగడానికి ఒక పీచు షీట్ ఇస్తాం, చర్మం తనంతట తాను కట్టుకున్నాక ఆ షీట్ ఒంట్లోనే కరిగిపోవాలి. ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో చేస్తున్నా. ఈ ఫీల్డ్ కానివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తా: పాలిమర్‌ని ద్రావకంలో కలిపి సిరంజిలో పోసి సూదికి పదీ ఇరవై వేల వోల్టులు ఇస్తే సూది చివర బొట్టు మొనదేలి దాంట్లోంచి సన్నటి ధార దూకుతుంది, అది గాల్లోనే ఆరిపోయి వెంట్రుకలో వందో వంతు మందం పోగై ఎదురుగా తిరిగే డ్రమ్ము మీద చుట్టుకుంటుంది. చూడ్డానికి పూతరేకులాగే ఉంటుంది షీట్.

నా సమస్య కూడా పూతరేకు సమస్యే అనిపిస్తోంది, తడి తగిలితే ఉండట్లేదు. పీఎల్‌జీఏ 75:25 (లాక్టైడ్ 75, గ్లైకోలైడ్ 25 పాళ్ళున్న, ఒంట్లో కరిగే పాలిమర్) వాడుతున్నా, క్లోరోఫామ్, డీఎంఎఫ్ అనే రెండు ద్రావకాల 3:1 మిశ్రమంలో 18 శాతం, 15 కిలోవోల్టులు, సూదికీ డ్రమ్ముకీ 15 సెంటీమీటర్లు, గంటకి 1 ఎంఎల్. ఎస్ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) చూస్తే పోగులు చాలా బాగున్నాయి, పూసలు లేవు, 700 నుంచి 900 నానోమీటర్లు. 2 సెంటీమీటర్ల చదరం ముక్కలు కోసి, 70 శాతం ఇథనాల్‌లో అరగంట ఉంచి, పీబీఎస్‌తో (కణాలకి పడే ఉప్పునీళ్ళతో) కడిగి, మీడియాలో (కణాలు పెంచే ద్రవంలో) వేసి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టా. తెల్లారి చూస్తే ముక్క ఒక సెంటీమీటర్‌కి వచ్చేసింది, అంచులు చుట్టుకుపోయాయి, చేత్తో పట్టుకుంటే అట్టముక్కలా గట్టిగా ఉంది. దాని మీద వేసిన ఫైబ్రోబ్లాస్టులు (చర్మం కట్టే కణాలు) సగం ప్లేటు అడుక్కి పోయాయి. మూడు బ్యాచ్‌లు ఇంతే.

మా ల్యాబ్‌లో ఒకరు డీఎంఎఫ్ మిగిలిపోయి ఉంటుంది అంటున్నారు, ఒకరు పాలిమర్ అప్పుడే కరిగిపోతోంది అంటున్నారు, గైడ్ గారేమో పీసీఎల్ అనే ఇంకో పాలిమర్‌కి మారిపో గొడవుండదు అంటున్నారు. ఏడాదిన్నర పీఎల్‌జీఏ మీద పెట్టా, మారే ముందు అసలు ఎందుకిలా అవుతోందో తెలుసుకోవాలని ఉంది. రెండు నెలల్లో డాక్టోరల్ కమిటీ. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.


కడలి_కెమిస్ట్రీ:

వాసూ, ముందు ఊపిరి పీల్చుకో, నీ పాలిమర్ కరగట్లేదు. 75:25 పీఎల్‌జీఏ పూర్తిగా పోవడానికి నాలుగైదు నెలలు పడుతుంది, ఒక్క రాత్రిలో గొలుసులు తెగి ముక్క సగమయ్యే ఛాన్సే లేదు. ఇది కెమిస్ట్రీ కాదు, ఫిజిక్స్.

నువ్వు ధార గురించి రాసింది అక్కడే ఆగిపోయింది, అసలు సంగతి ఆ తర్వాత ఉంది. సూది చివర కోన్ ఏర్పడుతుంది కదా, దాన్ని టేలర్ కోన్ అంటారు, 1964లో జెఫ్రీ టేలర్ దాని లెక్క తేల్చాడు, సగం కోణం 49.3 డిగ్రీలు. దాంట్లోంచి వచ్చిన ధార ఒకటి రెండు సెంటీమీటర్లు తిన్నగా పోయి, ఆ తర్వాత ధారలోని ఛార్జ్ ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల కొరడా ఝుళిపించినట్టు గిరగిరా మెలికలు తిరుగుతుంది. ఇదివరకు ధార చీలి చాలా ధారలవుతుందని అనుకునేవాళ్ళు, హైస్పీడ్ కెమెరా పెట్టి చూస్తే ఒకే ధార అంత వేగంగా చుట్లు తిరుగుతోందని తేలింది. నీ 15 సెంటీమీటర్ల దూరంలో ఆ ధార అలా సాగిపోతూ ఉంటుంది, అదే సమయానికి క్లోరోఫామ్ ఆవిరైపోతుంది, సాగిన పాలిమర్ గొలుసులకి మళ్ళీ సర్దుకునే టైమ్ ఉండదు. లాగి పట్టుకున్న రబ్బర్ బ్యాండ్‌ని అలాగే గడ్డకట్టిస్తే ఎలా ఉంటుందో నీ పోగు అలా ఉంది. సాగిపోయి ఉంది, కానీ వెనక్కి రావడానికి వీల్లేదు, ఎందుకంటే గది వేడిలో పీఎల్‌జీఏ గాజులా ఉంటుంది.

ఆ గాజు మెత్తబడే వేడినే టీజీ అంటాం. పొడిగా ఉన్న పీఎల్‌జీఏకి అది 45 నుంచి 55 డిగ్రీల మధ్య ఉంటుంది కాబట్టి 37 దగ్గర భయం లేదని కాగితం మీద అనిపిస్తుంది. కానీ నీళ్ళు లోపలికి పోతే టీజీ పదీ పదిహేను డిగ్రీలు దిగిపోతుంది, అంటే సరిగ్గా 37 చుట్టుపక్కలకి. ఇంకేముంది, గడ్డ కరిగింది, రబ్బర్ బ్యాండ్ వెనక్కి లాక్కుంది. పోగు పొట్టిదై లావెక్కుతుంది, మధ్యలో ఖాళీలు మూసుకుపోతాయి, షీట్ అట్టలా అవుతుంది. నువ్వు రాసిన లక్షణాలన్నీ అవే. డ్రమ్ము స్పీడ్‌గా తిప్పి పోగుల్ని ఒకే దిక్కుకి పేర్చుంటే ఆ దిక్కులోనే ఎక్కువ ముడుచుకుంటుంది, అది కూడా కొలిచి చూడు.

నమ్మకం కోసం ఒక చిన్న పరీక్ష చెయ్యి, సగం రోజు పని. ఒకే షీట్‌లోంచి ఐదు ముక్కలు కోసి: ఒకటి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల నీళ్ళలో, ఒకటి 37 నీళ్ళలో, ఒకటి నీళ్ళు లేకుండా 37లో, ఒకటి నీళ్ళు లేకుండా 60 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు, ఐదోది గది వేడిలోనే 70 శాతం ఇథనాల్‌లో. ముందూ తర్వాతా ఫోన్‌తో ఫొటో తీసి పక్కన స్కేల్ పెట్టి కొలువు. 37 నీళ్ళు, 60 పొడి రెండూ ముడుచుకుని మిగతావి బాగుంటే నేను చెప్పిందే. ఇథనాల్ ముక్కని మాత్రం జాగ్రత్తగా చూడు, నాకు దాని మీదే అనుమానం.

డీఎంఎఫ్ మాట పూర్తిగా తప్పు కాదు. అది 153 డిగ్రీల దగ్గర మరుగుతుంది, క్లోరోఫామ్ 61 దగ్గర. క్లోరోఫామ్ పోయినా డీఎంఎఫ్ పోగుల్లో దాక్కుంటుంది, దాక్కుని అది కూడా టీజీని దింపుతుంది. కనీసం రెండు మూడు రోజులు వాక్యూమ్‌లో ఉంచు, వేడి మాత్రం చెయ్యకు. ఎలాగూ మందుల్లో మిగలనిచ్చే హద్దు డీఎంఎఫ్‌కి 880 పీపీఎం, క్లోరోఫామ్‌కి 60 పీపీఎం, రేపు ఈ షీట్ మనిషి ఒంటి మీదకి పోవాలంటే ఆ లెక్క చూపించాల్సిందే.


వాసు_నూలుపోగు:

సార్ చాలా చాలా థాంక్స్, మీరు రాసిన రాత్రే ముక్కలు కోసి పొద్దున్నే చేసేశా. 4 డిగ్రీల నీళ్ళలోది 2 సెంటీమీటర్లే ఉంది, కదల్లేదు. పొడి 37 కూడా కదల్లేదు. 37 నీళ్ళలోది 1.1 అయింది. 60 ఓవెన్‌లోది నా కళ్ళ ముందే చుట్టుకుంది, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇథనాల్‌లోది గది వేడిలోనే 1.6 అయింది!! అంటే నేను ఇన్నాళ్ళూ స్టెరిలైజ్ చేస్తున్నా అనుకుంటూ మొదటి ముడత నేనే పెడుతున్నా, కొలవలేదు కాబట్టి తెలీలేదు.

ఇప్పుడు ప్రశ్న, ఎలా ఆపాలి? 60లో ముందే వేడిచేసి ముడుచుకోనిచ్చేసి ఆ తర్వాత వాడితే?


కడలి_కెమిస్ట్రీ:

ముడుచుకోనిస్తే ఖాళీలు ముందే మూసుకుపోతాయి, కణాలకి అట్ట ఇచ్చినట్టే. బిగించి పట్టి వేడి చెయ్యొచ్చు కానీ టీజీ దాటాక పీఎల్‌జీఏ పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఎంతసేపు ఎంత వేడి అనేది చాలా సన్నటి గీత. పీఎల్ఎల్ఏ (ఒక్క లాక్టైడ్‌తోనే చేసే పాలిమర్) అయితే వేడికి స్ఫటికాలు కట్టి నిలబడుతుంది, పీఎల్‌జీఏ 75:25కి ఆ స్ఫటికం కట్టే గుణం లేదు, అసలు మూలం అదే.


ఓరుగల్లు_ల్యాబ్:

తమ్మీ, నేను ఓ ల్యాబ్‌ల ఆరేండ్ల సంది గీ మెషినే నడుపుతున్న. థియరీ సార్ మంచిగ చెప్పిండు, నేను చేతిపని చెప్త.

ముందుగాల ముక్కల్ని వదులుగ మీడియాల ఎయ్యకు. టెఫ్లాన్‌తోని రెండు రింగులు చేపిచ్చుకో, ఒకదాంట్ల ఒకటి దూరేటట్టు, నడుమల షీట్ పెట్టి బిగియ్యాలె, ఆడోళ్ళు కుట్లు, అల్లికలకు బట్టను రింగుల బిగిస్తరు గదా అచ్చం అట్లనే. లేత్ మిషన్ ఉన్న ఏ వర్క్‌షాపుల అయినా తీసిస్తరు. 24 వెల్ ప్లేట్ల (కణాలు పెంచే 24 గుంతల ప్లేట్ల) పట్టే సైజు చేపియ్యి. బిగిచ్చినంక ముడుచుకునుడు చానా తగ్గుతది, కణాలు కిందికి జారుడు కూడ ఆగుతది ఎందుకంటె రింగే గోడ లెక్క అయితది. కని ఒకటి యాదికుంచుకో, బిగిచ్చిన షీట్ల పోగులు గుంజుకుంటనే ఉంటయ్, కొన్ని సన్న పోగులు తెగుతయ్, రింగు తీసినంక మళ్ళ ముడుస్తది. గందుకే రింగు ల్యాబ్ పరీక్షలకు మంచిదే గని రోగి మీద ఏసేదానికి జవాబు గాదు.

రెండోది వాన. నువ్వు ఏ నెలల తీసినవో రాసి పెట్టుకుంటున్నవా? గాలిల తేమ ఎంతుందో ప్రతి బ్యాచ్‌కి రాయాలె. క్లోరోఫామ్ ఆవిరైతుంటె పోగు చల్లబడుతది, జులై ఆగస్టుల గాలి తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పోగు మీద నీటి బొట్లు పట్టి, ఆరినంక పోగంత గుంతలు గుంతలు అయితది. ఎండకాలంల తిరకాసు, సూది కొస కాడనే ఎండి అడ్డం పడుతది, పది నిమిషాలకోసారి తుడుసుడే. మాకాడ పెట్టె లోపట తేమ కొలిచే మీటరు పెట్టి 40, 50 శాతం నడుమ ఉంటేనే మిషన్ ఆన్ చేస్తం. నీ మూడు బ్యాచ్‌లు ఒక్కతీరుగ లేకపోతే ముందుగాల దీన్ని అనుమానించు.

మూడోది, ఇది అందరు చదవాలె. నైట్రైల్ గ్లౌజులు ఏసుకున్న గదా అని క్లోరోఫామ్‌ల చెయ్యి పెడితే ఏం ఆగదు, నిమిషాలల్ల లోపటికి దిగుతది, చుక్క పడ్డదంటె అప్పుడే మార్చాలె. డీఎంఎఫ్ చర్మంలకెళ్ళి పోయి లివర్‌కు కొడుతది. మిషన్ ఫ్యూమ్ హుడ్డుల ఉండాలె, లేకుంటె పొగ గొట్టం బయటికి ఉండాలె. పవర్ బంద్ చేసినంక కూడ సూదిని, డ్రమ్మును ఎర్త్ కడ్డీతోని ముట్టిచ్చినంకనే చెయ్యి పెట్టు. మాతోని పనిచేసిన ఒక పోరనికి షాక్ కొట్టి చెయ్యి రెండు రోజులు తిమ్మిరి పట్టింది, గా రోజు సంది ఎర్త్ కడ్డీ లేకుంట ఎవ్వల్ని మిషన్ కాడికి రానియ్యను.


సింగపూర్_తెలుగబ్బాయ్:

ఈ థ్రెడ్ చూసి చాలా సంతోషమేసింది, ఈ మాటలు తెలుగులో చదవడం ఇదే మొదటిసారి నాకు. నేను ఇక్కడ పోస్ట్‌డాక్, రక్తనాళాల స్కాఫోల్డులు. మన తెలుగు పిల్లలకి ఒక సంగతి చెప్పాలి, ఈ ఫీల్డ్‌లో అందరూ మొదట చదివే పేపర్లలో 2003లో వచ్చిన నానోఫైబర్ రివ్యూ ఒకటి, దాని వెనక ఉన్న సీరం రామకృష్ణ గారు ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివి, ఐఐటీ మద్రాస్, కేంబ్రిడ్జ్ మీదుగా ఇక్కడి నేషనల్ యూనివర్సిటీకి వచ్చిన మనిషి. అంతకు ముందు ఏడాది, 2002లో, కేటో లారెన్సిన్, ఫ్రాంక్ కో వాళ్ళ గ్రూప్ ఎలక్ట్రోస్పిన్ చేసిన పీఎల్‌జీఏ మీద కణాలు పెంచి చూపించారు, అంటే వాసూ, నువ్వు వాడుతున్న పాలిమర్‌తోనే ఈ స్కాఫోల్డ్ కథ ఊపందుకుంది. టెక్నిక్ మాత్రం ఇంకా పాతది, ఫార్మ్‌హాల్స్ అనే ఆయన పేటెంట్ 1934 నాటిది, అప్పుడు బట్టల దారాల కోసం.

ఇక అసలు విషయం. నేను గైడ్ గారి మాటతో సగం ఏకీభవిస్తా. మొత్తం పీసీఎల్‌కి మారకు, కొంత కలుపు. పీసీఎల్ టీజీ మైనస్ 60 దగ్గర, అంటే గది వేడిలో అది గాజు కాదు, మెత్తటి రబ్బరు, దాంట్లో స్ఫటికాలు ఉంటాయి, అవి 60 డిగ్రీలకి గానీ కరగవు. 37 నీళ్ళలో ఆ స్ఫటికాలే గుంజల్లా నిలబడి పోగుని పట్టుకుంటాయి. పీఎల్‌జీఏతో కలిపి ఒకే ద్రావణంలో లాగొచ్చు, నీ క్లోరోఫామ్, డీఎంఎఫ్ మిశ్రమం రెండింటికీ సరిపోతుంది. 20, 30, 50 శాతం పీసీఎల్‌తో మూడు షీట్లు చేసి ఎక్కడ ముడత ఆగుతుందో చూడు, ఆగిన చోటికంటే ఒక్క మెట్టు కూడా ఎక్కువ వెయ్యకు.

ఎందుకంటే పీసీఎల్ పూర్తిగా పోవడానికి రెండేళ్ళ పైనే పడుతుంది. నీళ్ళకి కూడా దూరం, పీసీఎల్ షీట్ మీద నీటి చుక్క తామరాకు మీద బొట్టులా దొర్లుతుంది, కాంటాక్ట్ యాంగిల్ (చుక్క అంచు షీట్‌తో చేసే కోణం) 120 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళు పట్టేలా చెయ్యడానికి ప్లాస్మా (రక్తంలోది కాదు, ఛార్జ్ ఉన్న వాయువు) పెట్టొచ్చు, సోడియం హైడ్రాక్సైడ్‌లో కాసేపు ముంచొచ్చు, జెలటిన్ కలపొచ్చు, పీఎల్‌జీఏ ఉండటం వల్ల నీకు కొంత మేలే. ఎవరైనా కొల్లాజెన్ స్పిన్ చెయ్యమంటే మాత్రం ఆలోచించు, దాన్ని కరిగించే ఫ్లోరిన్ ఉన్న ద్రావకాలు కొల్లాజెన్ మూడుపేటల మెలికని విప్పేస్తాయి, చివరికి నీ చేతిలో మిగిలేది ఖరీదైన జెలటిన్.

ముడత ఆగాక నీకు ఎదురయ్యే అసలు గోడ వేరే ఉంది, ఇప్పుడే చెప్తున్నా. కణాలు లోపలికి పోవు. 800 నానోమీటర్ల పోగులు ఒకదాని మీద ఒకటి పడితే వాటి మధ్య సందులు ఒకటి రెండు మైక్రాన్లు, అంతే. ఫైబ్రోబ్లాస్ట్ పది ఇరవై మైక్రాన్లు ఉంటుంది. అది పైన కూర్చుని బ్రహ్మాండంగా పెరుగుతుంది, ఫొటోలు అందంగా వస్తాయి, పేపర్ కూడా అచ్చవుతుంది, కానీ అడ్డంగా కోసి చూస్తే లోపలంతా ఖాళీ. దీనికి మేం చేసేది పీఈఓ అనే నీళ్ళలో కరిగే పాలిమర్‌ని రెండో సిరంజిలోంచి అదే డ్రమ్ము మీదకి లాగడం, తర్వాత నీళ్ళలో కడిగేస్తే ఆ పోగులు పోయి సందులు మిగులుతాయి. కానీ నీ పీఎల్‌జీఏ ముడుచుకుంటూ ఉంటే ఆ సందులు కూడా కూలిపోతాయి, అందుకే ముందు ముడత, తర్వాత సందులు, వరస తప్పకు.


డాక్టర్_కర్నూలు:

నేను ప్లాస్టిక్ సర్జన్‌ని, ఇరవై ఏళ్ళు కాలిన గాయాల వార్డులో పనిచేశాను. పాలిమర్ సంగతులు మీ అంత తెలియవు కానీ ఈ షీట్ వేసేది మా చేతులతో కాబట్టి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఒళ్ళు సగం కాలిన మనిషికి తన చర్మమే తీసి వేద్దామంటే తియ్యడానికి చోటు మిగలదు. స్టవ్ పేలి, చీర అంటుకుని వచ్చిన ఆడవాళ్ళని, వేడి నీళ్ళు పడ్డ చిన్నపిల్లల్ని చూశాక, ఇలాంటి షీట్ మన దగ్గర మన ధరకి తయారైతే ఎంత బాగుండు అని ప్రతి వారం అనుకునేవాణ్ణి. కొల్లాజెన్‌తో చేసిన ఇంటెగ్రా అనే షీట్ అమెరికాలో 1996 నుంచి ఉంది, బాగా పనిచేస్తుంది, కానీ మా వార్డులో దాని ధర భరించగలిగిన కుటుంబాలు చాలా తక్కువ. దాంట్లో రంధ్రాలు ఇరవై నుంచి నూట పాతిక మైక్రాన్ల దాకా ఉండేట్టు చేస్తారని చదివాను, సింగపూర్ బాబు చెప్పిన ఒకటి రెండు మైక్రాన్లతో పోల్చుకుంటే తేడా మీకే అర్థమవుతుంది. రక్తనాళాలు ఆ రంధ్రాల్లోంచే లోపలికి పాకాలి. పాకకపోతే కింద చీము చేరి షీట్ మొత్తం లేచొస్తుంది.

చర్మానికి రెండేళ్ళు ఉండే పాలిమర్ అక్కర్లేదు. మొదటి రెండు మూడు వారాలు గట్టిగా పట్టుకోవాలి, కొన్ని నెలల్లో శుభ్రంగా పోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, గాయం తనంతట తానే ముడుచుకుంటుంది. మెడ మీద, మోచేతి మడతలో కాలిన చోట చర్మం ముడుచుకుపోయి మెడ ఛాతీకి అతుక్కుపోవడం, చెయ్యి చాచలేకపోవడం, మేం ఆపరేషన్ మీద ఆపరేషన్ చేసేది దానికే. ఇక దాని మీద మీరు వేసే షీట్ కూడా ముడుచుకుంటే ఆ మనిషికి మేలు చేసినట్టా, కీడు చేసినట్టా? అందుకని వాసు గారూ, మీ ముడత సమస్య కమిటీ ముందు చిన్నదిగా చెప్పొద్దు, రోగి వైపు నుంచి చూస్తే అన్నిటికంటే పెద్దది అదే.

ఒక సందేహం, తెలిసినవాళ్ళు తీర్చండి. అమెరికాలో ఎఫ్‌డీఏ అనుమతి ఉన్న రెస్ట్రాటా అని ఒక గాయాల షీట్ ఉంది, అది కూడా మీరు చెప్తున్న ఎలక్ట్రోస్పిన్ పోగులే, పాలీగ్లాక్టిన్ 910, పాలీడయాక్సనోన్ రెండూ కలిపి చేస్తారు. ఆ రెండూ మాకు రోజూ చేతిలో ఆడే కుట్టు దారాలు, విక్రిల్, పీడీఎస్. విక్రిల్ కూడా పీఎల్‌జీఏనే అంటారు, మరి కుట్టేసిన విక్రిల్ ఒంట్లో ఎప్పుడూ ఇలా ముడుచుకోవడం నేను చూడలేదే?


కడలి_కెమిస్ట్రీ:

డాక్టర్ గారూ, ఎంత మంచి ప్రశ్న అడిగారండీ, ఈ థ్రెడ్‌లో చిక్కుముడి విప్పేది అదే. విక్రిల్‌లో గ్లైకోలైడ్ 90, లాక్టైడ్ 10. గ్లైకోలైడ్ అంత ఎక్కువైతే గొలుసులు చక్కగా వరసకట్టి స్ఫటికాలు కడతాయి, టీజీ దాటినా ఆ స్ఫటికాలు దారాన్ని సాగదీసిన ఆకారంలోనే పట్టుకుంటాయి. దారం తయారీలో సాగదీసి, బిగించి వేడి చేసి ఆ స్ఫటికాలని ఇంకా గట్టిపరుస్తారు. వాసు వాడుతున్న 75:25లో లాక్టైడ్ ఎక్కువ, అది కూడా అద్దంలో బొమ్మల్లాంటి కుడి ఎడమ రకాలు రెండూ కలిసిన లాక్టైడ్, గొలుసులు వరసకట్టలేవు, స్ఫటికం అసలే ఉండదు. పేరు రెండింటికీ పీఎల్‌జీఏ అనే, గుణం మాత్రం వేరు. పీడీఎస్ కూడా స్ఫటికాలున్నదే.

కరిగే టైమ్ కూడా డాక్టర్ గారు అడిగిన లెక్కకి దగ్గరగా ఉంది, విక్రిల్ 56 నుంచి 70 రోజులు, పీడీఎస్ ఆరేడు నెలలు. ఒకటి ముందు పోయి సందులు పెరుగుతాయి, రెండోది నిలబడి ఉంటుంది. నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది. ఐతే వాసూ, 90 శాతం గ్లైకోలైడ్ ఉన్నది క్లోరోఫామ్‌లో కరగదు, ఫ్లోరిన్ ద్రావకాలకి పోవాలి, వాటి ఖరీదు, ప్రమాదం రెండూ ఎక్కువ. నీ రెండు నెలల గడువులో పీసీఎల్ కలపడమే దారి.


పట్టుగూడు_హిందూపురం:

నేను ఈ ఫీల్డ్ కాదు, మాది హిందూపురం, మా నాయన పట్టుగూళ్ళు మార్కెట్‌కి వేసేవాడు, నేను బయోటెక్ చదివి ఇప్పుడు టీచర్‌ని. ఇంత డబ్బు పెట్టి పాలిమర్ తెప్పించుకునే బదులు పట్టు ఎందుకు వాడరు అని అడగాలనిపించింది. పట్టుతో కుట్లు ఎన్ని ఏళ్ళ నుంచో వేస్తున్నారు కదా.


సింగపూర్_తెలుగబ్బాయ్:

వాడతారండీ, దాని మీద పెద్ద పనే ఉంది. గూళ్ళని సోడియం కార్బొనేట్ నీళ్ళలో అరగంట ఉడకబెట్టి మీకు తెలిసిన ఆ జిగురు, సెరిసిన్, తీసేస్తారు, మిగిలిన పట్టుని లిథియం బ్రోమైడ్ గాఢ ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర కరిగించి, రెండు రోజులు డయాలసిస్ చేసి, కాస్త పీఈఓ కలిపి లాగుతారు. లాగిన షీట్ మొదట నీళ్ళలో కరిగిపోతుంది, మెథనాల్‌లో ముంచితే గట్టిపడి నిలుస్తుంది, అక్కడ కూడా కథ స్ఫటికాలదే. మన తెలంగాణ వైపు పెంచే దసలి పట్టులో కణాలు పట్టుకోవడానికి పనికొచ్చే ఆర్‌జీడీ అనే వరస ప్రోటీన్‌లోనే ఉంటుంది, హిందూపురం గూళ్ళ పట్టులో అది లేదు. కానీ దసలిని లిథియం బ్రోమైడ్ కరిగించలేదు, అందుకని పురుగు గ్రంథుల్లోంచే తియ్యాల్సొస్తుంది. పట్టు ఎన్ని నెలల్లో పోతుందనేది కూడా దాన్ని ఎలా తయారుచేశాం అన్నదాన్ని బట్టి చాలా మారిపోతుంది, కుట్టు దారంలా ఇన్ని రోజులని చెప్పడం కష్టం.


ఓరుగల్లు_ల్యాబ్:

ఒక్కటి మర్చిన, స్టెరిలైజేషన్. తమ్మీ, ఇథనాల్ బందువెట్టి ఎథిలీన్ ఆక్సైడ్‌కు ఇద్దామనుకుంటవేమో, ఆ గ్యాస్ పెట్టెల కూడ వేడి, తేమ రెండు ఉంటయ్, 37 నుంచి 60 దాక పోతది, నీ షీట్ అండ్ల కూడ ముడుస్తది. ఆటోక్లేవ్ (ఆవిరి పెట్టె) అయితె ముచ్చటే లేదు, 121ల పీసీఎల్ నీళ్ళయితది. గామా కిరణాలు కొడితె గొలుసులు తెగుతయ్, షీట్ జల్ది కరుగుతది, ఎంత తెగినయో కొలిచి లెక్కల కలుపుకోవాలె. ల్యాబ్ పరీక్షలకైతె రెండు పక్కల యూవీ, యాంటీబయాటిక్ కలిపిన చల్లటి పీబీఎస్ చాలు. పీసీఎల్ కలిపినంక ఇథనాల్ మళ్ళొకసారి చూడు, అప్పుడు తట్టుకుంటదేమో.


వాసు_నూలుపోగు:

రెండు నెలల తర్వాత వస్తున్నా, ఆలస్యానికి క్షమించండి, చేసి చూపిద్దామని ఆగా.

పీసీఎల్ 20, 30, 50 శాతాలతో షీట్లు లాగా. 37 పీబీఎస్‌లో రెండు రోజుల తర్వాత: ఏమీ కలపనిది 1.1, 20 శాతంది 1.5, 30ది 1.85, 50ది 1.95. ప్రతిదీ నాలుగేసి ముక్కలు. డాక్టర్ గారు చెప్పిన నెలల లెక్క మనసులో పెట్టుకుని 30 దగ్గర ఆగా, ఆ మిగిలిన కొంచెం ముడత ఇంకా తగ్గించగలనేమో వాక్యూమ్‌లో ఎక్కువ రోజులు ఆరబెట్టి చూస్తున్నా, డీఎంఎఫ్ ఎంత మిగిలిందో కొలవడానికి శాంపిల్స్ ఇచ్చా. ఇథనాల్‌లో 30 శాతం షీట్ అరగంటకి 1.9 ఉంది, అయినా ఇప్పుడు యూవీ, చల్లటి పీబీఎస్ మాత్రమే వాడుతున్నా. ఓరుగల్లు అన్నా, రింగులు చేయించా, బాలానగర్‌లో లేత్ పెట్టుకున్న ఒక పెద్దాయన ఇది మందు పనికి అని చెప్తే అంచులన్నీ గీసుకోకుండా నున్నగా చేసిచ్చాడు, డబ్బులు కూడా సగమే తీసుకున్నాడు. తేమ మీటర్ కూడా పెట్టా, పాత నోట్‌బుక్ తీసి చూస్తే పోగులు సరిగా రాని నా పాత బ్యాచ్‌లు రెండూ వాన పడ్డ రోజులవే.

కమిటీలో డాక్టర్ గారి మాటే మొదట చెప్పా, గాయం ముడుచుకుంటుంది, షీట్ కూడా ముడుచుకుంటే ఎలా అని. ఐదు ముక్కల ఫొటో పక్కన పెట్టి చూపించా. గైడ్ గారు ఆ స్లైడ్ దగ్గర ఆపి, ఇది ఎవరు చెప్పారు అని అడిగారు, ఈ థ్రెడ్ చూపించా.

సింగపూర్ అన్నా, మీరన్నట్టే అయింది. ఏడో రోజు షీట్ అడ్డంగా కోసి రంగు వేసి చూస్తే కణాలన్నీ పైన రెండు మూడు వరసలే, కింద ఏమీ లేదు. వచ్చే వారం రెండో సిరంజి పెడుతున్నా. పీఈఓ నీళ్ళలో కరిగించాలా, నీళ్ళూ ఇథనాల్ కలిపా, పక్క సూది క్లోరోఫామ్‌ది కాబట్టి రెండు ధారలు ఒకదాన్నొకటి నెట్టుకోకుండా సూదులు డ్రమ్ముకి చెరో పక్కన పెట్టాలా?


సింగపూర్_తెలుగబ్బాయ్:

చెరో పక్కనే పెట్టు, ఒకే వైపు పెడితే రెండింటి ఛార్జ్ ఒకటే కాబట్టి ధారలు విడిపోయి షీట్ అంచుల్లో ఒకటీ మధ్యలో ఒకటీ పడతాయి. పీఈఓకి నీళ్ళూ ఇథనాల్ కలిపి వాడు, త్వరగా ఆరుతుంది. డ్రమ్ము ఎర్త్ చేశావో లేదో చూసుకో. కడిగిన నీళ్ళు పారెయ్యకు, ముందూ తర్వాతా బరువు చూసి పీఈఓ మొత్తం పోయిందో లేదో లెక్క తేల్చు. కోసిన ఫొటో ఇక్కడే పెట్టు, చూస్తా.